బరువు పెంచితే లోలకం నెమ్మదించింది! తొమ్మిదో తరగతి ప్రాజెక్టులో ఏది చరరాశి, ఏది పరికల్పన?

సిద్దిపేట_నాన్న · శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా బిడ్డ తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. బడిలో లఘు లోలకం మీద ప్రాజెక్టు ఇచ్చారు. కాగితం మీద నాలుగు గళ్ళున్నాయి: స్వతంత్ర చరరాశి (మనం మార్చేది), పరతంత్ర చరరాశి (దాన్నిబట్టి మారేది, మనం కొలిచేది), నియంత్రిత చరరాశులు (మారకుండా ఉంచేవి), పరికల్పన (ఏమవుతుందో ముందే చేసే ఊహ). ముందు అవి నింపాలి, తర్వాత ప్రయోగం చేయాలి, చివర పరికల్పన నిలిచిందో లేదో రాయాలి. సోమవారం ఇచ్చేయాలి.

తను రాసుకున్న పరికల్పన: "గుండు బరువు పెరిగితే లోలకం తొందరగా ఊగుతుంది." నేను ఇంటర్లో ఎంపీసీ చదివాను, సూత్రంలో ద్రవ్యరాశి లేదని తెలుసు. అయినా చెప్పలేదు, చేసి చూడమన్నాను. లారీ షెడ్డు నుంచి పెద్ద ఇనుప నట్లు తెచ్చి దారానికి కట్టింది. పైన కట్టిన చోటు నుంచి నట్టు మధ్య వరకు 50 సెంటీమీటర్లు. 20 డోలనాలకు ఫోన్ స్టాప్‌వాచ్‌లో వచ్చిన సెకన్లు ఇవి, ప్రతిదీ మూడేసి సార్లు:

1 నట్టు: 28.3, 28.6, 28.4
3 నట్లు: 29.1, 29.4, 29.3
5 నట్లు: 30.0, 30.2, 30.0

తను అనుకున్నది తొందరగా అని. నాకు తెలిసింది తేడా ఉండదని. వచ్చింది చూస్తే ఆలస్యంగా! ఇప్పుడు పరికల్పన గడి రబ్బరుతో చెరిపేసి "బరువు పెరిగితే నెమ్మదిగా ఊగుతుంది" అని రాస్తానంటోంది, అప్పుడు ప్రయోగానికి సరిపోతుందట. ఏం చెప్పాలో తోచడం లేదు.

---

డీఎస్సీ_ప్రిపరేషన్ · 8:52

అన్నా, T = 2π√(l/g). T అంటే ఆవర్తన కాలం, ఒక డోలనానికి పట్టే సమయం; l పొడవు, g గురుత్వ త్వరణం. ద్రవ్యరాశి లేదు, అంతే. స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చిన తప్పులవి. మూడింటికీ 28.4 అని వేసేయమనండి. పరికల్పన గడిలో "ఆవర్తన కాలం ద్రవ్యరాశిపై ఆధారపడదు" అని రాయాలి. స్వతంత్ర చరరాశులు పొడవు, ద్రవ్యరాశి, కంపన పరిమితి. పరతంత్ర చరరాశి ఆవర్తన కాలం. g స్థిరాంకం కాబట్టి నియంత్రితంలో రాయక్కర్లేదు. ఐదు నిమిషాల పని.

---

జెడ్పీ_బడి_సైన్సు · 9:05

డీఎస్సీ తమ్ముడూ, రేపు నువ్వు టీచరయ్యాక పిల్లలకు ఇదే చెప్తావా? చూసిన అంకెలు చెరిపి రావాల్సిన అంకెలు వేయమని?

నేను భౌతిక శాస్త్రం చెప్తాను, ప్రకాశం జిల్లా. మన విద్యా ప్రమాణాల్లో రెండోది "ప్రశ్నించడం, పరికల్పన చేయడం". దానికి మార్కులు కూడా ఉన్నాయి. కానీ బడుల్లో జరుగుతున్నదేమిటంటే, గైడులో ఉన్న ఫలితాన్నే పరికల్పన గడిలో ఎక్కిస్తున్నారు. ఫలితం ముందే తెలిస్తే ఇక ఊహించేదేముంది?

సిద్దిపేట గారూ, మీ అమ్మాయి మొదట రాసిన వాక్యం మంచి పరికల్పన. ఏది మారుస్తుందో ఉంది, ఏది చూస్తుందో ఉంది, ఎటు మారుతుందో కూడా ఉంది. తప్పైతే తప్పని తేలిపోయేలా రాసింది. దాన్ని చెరపనివ్వకండి. ప్రయోగం అయ్యాక ఫలితానికి తగ్గట్టు దిద్దితే ఆ గడికి అర్థమే లేదు.

ఇంకొకటి. స్వతంత్ర చరరాశి గడిలో మూడూ రాయడం కుదరదు. పొడవు, బరువు, ఎంత దూరం లాగి వదిలారన్నది, ఈ మూడూ మార్చదగ్గవే. కానీ ఒక ప్రయోగంలో ఒకటే మారాలి. ఇక్కడ మారింది బరువు. మిగతా రెండూ నియంత్రిత గడిలోకి పోతాయి. పొడవుతో చేస్తే అది వేరే ప్రయోగం, వేరే కాగితం.

---

సిద్దిపేట_నాన్న · 9:13

థాంక్స్ మేడమ్. మరి ఈ అంకెల సంగతేంటి? నాకూ మొదట చేతి పొరపాటే అనిపించింది.

---

పాత_ల్యాబ్_మనిషి · 9:31

చేతి పొరపాటు కాదు నాయనా. అంకెలు మళ్ళీ చూడు. ఒకే వరసలో మూడు సార్లకీ మధ్య తేడా మహా అయితే 0.3 సెకను. అది చేతిది. బొటనవేలు కొంచెం ముందో వెనకో పడుతుంది. కానీ ఒక వరస నుంచి ఇంకో వరసకి 0.8, 0.9 సెకన్ల తేడా ఉంది. పైగా రెండుసార్లూ ఒకే వైపుకి. చేతి పొరపాటైతే ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది. ఇలా మెట్లు కట్టదు.

జూనియర్ కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఇలాంటి అంకెలు చూస్తే ఒకటే అడుగుతాను. నట్లు ఎలా కట్టారు? ఫోటో పెట్టగలవా?

---

సిద్దిపేట_నాన్న · 9:44

రాత్రయింది, ఫోటో సరిగ్గా రావట్లేదు సార్. మాటల్లో చెప్తాను. మొదటి నట్టు దారానికి ముడేసింది. దాని కింద రెండోది, దాని కింద మూడోది, గొలుసులాగా తగులుతూ వేలాడుతున్నాయి. ఒక్కో నట్టు వెడల్పు స్కేలుతో చూస్తే 3 సెంటీమీటర్లు.

---

ఎంసెట్_2009 · 9:47

దొరికేసింది 😀 బోలు గోళంలో నీళ్ళు, కింద చిల్లు!

---

పాత_ల్యాబ్_మనిషి · 9:58

అదే. ఎంసెట్ బాబుకి పాత బిట్టు గుర్తుంది.

లోలకం పొడవంటే దారం పొడవు కాదు, కట్టిన చోటు నుంచి గుండు గురుత్వ కేంద్రం దాకా. ఒక్క నట్టున్నప్పుడు అది 50. మూడు నట్లు ఒకదాని కింద ఒకటి కడితే కేంద్రం రెండో నట్టు మధ్యకి దిగింది, అంటే 53. ఐదు కడితే మూడో నట్టు మధ్య, 56. బరువు మారుస్తున్నానని అమ్మాయి అనుకుంది, దారం చివర పొడవు కూడా మారిపోతోంది.

లెక్క వేసి చూడు. సమయం పొడవు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 53ని 50తో భాగించి వర్గమూలం తీస్తే 1.03కి కాస్త తక్కువ. 28.4ని దానితో గుణిస్తే 29.2. మీ అమ్మాయికి సగటున 29.3 వచ్చింది. 56కి చేస్తే 30.1. తనకి 30.1 వచ్చింది. ఇంత శుభ్రంగా కొలిచిన పిల్లని స్టాప్‌వాచ్ నొక్కడం రాదన్నారు పాపం.

---

జెడ్పీ_బడి_సైన్సు · 10:06

సార్, అద్భుతం. మా పిల్లలు నియంత్రిత చరరాశుల గడిని చివర్లో, బస్సు టైమవుతుంటే నింపుతారు. "పొడవు, ప్రదేశం, కోణం" అని మూడు మాటలు రాసి లేచిపోతారు. ఈ అమ్మాయి కూడా "పొడవు 50 సెం.మీ." అని రాసే ఉంటుంది. రాయడం వేరు, మూడో నట్టు కట్టాక మళ్ళీ స్కేలు పెట్టి చూడడం వేరు.

---

డీఎస్సీ_ప్రిపరేషన్ · 10:10

ఇది ఊహించలేదు సార్. బోలు గోళం బిట్టు ఏంటి? మాకు టెస్టుల్లో రాలేదు.

---

ఎంసెట్_2009 · 10:19

బ్రో, బోలు లోహపు గోళం నిండా నీళ్ళు పోసి లోలకంగా వేలాడదీస్తారు. అడుగున చిన్న చిల్లు. నీళ్ళు కారిపోతుంటే ఆవర్తన కాలం ఏమవుతుంది? సూత్రంలో m (ద్రవ్యరాశి) లేదు కదా అని "మారదు" టిక్ పెడితే మార్కు పోయినట్టే. ముందు పెరిగి తర్వాత తగ్గుతుంది. నిండుగా ఉన్నప్పుడు గురుత్వ కేంద్రం గోళం మధ్యలో ఉంటుంది. నీళ్ళు తగ్గేకొద్దీ కిందికి దిగుతుంది, పొడవు పెరిగినట్టే. మొత్తం కారిపోయాక మళ్ళీ మధ్యకి వచ్చేస్తుంది.

దీనికి జంటగా ఉయ్యాల బిట్టు కూడా ఉండేది. కూర్చుని ఊగుతున్న అమ్మాయి లేచి నిలబడితే? కేంద్రం పైకి లేస్తుంది, ఆవర్తన కాలం తగ్గుతుంది. పక్కన ఇంకో అమ్మాయి వచ్చి కూర్చుంటే? మారదు. రెండు బిట్లలోనూ బరువు పేరు చెప్పి పొడవు దగ్గర పట్టేస్తారు.

---

న్యూజెర్సీ_అమ్మ · 10:41

ఇక్కడ మా బాబు ఆరో తరగతిలో సైన్స్ ఫెయిర్‌కి ఇదే లోలకం చేశాడు. వాళ్ళ బడిలో పరికల్పనకి ఒక మూస ఇస్తారు: "నేను ఇది చేస్తే, ఇలా అవుతుంది, ఎందుకంటే..." అని పూర్తి చేయాలి. మొదట్లో నాకు ఇది మరీ చిన్నపిల్లల ఆటలా అనిపించేది. కానీ ఆ "ఎందుకంటే" దగ్గరే పిల్లల మనసులో ఏముందో బయటపడుతుంది. వదినగారి అబ్బాయి "ఎందుకంటే బరువైనవి కిందికి గట్టిగా లాగబడతాయి" అన్నాడు. మా వాడు "ఎందుకంటే బరువైనదాన్ని కదిలించడం కష్టం" అని సరిగ్గా ఎదురు రాశాడు. ఒకడు తొందరగా అని, ఒకడు ఆలస్యంగా అని.

---

పాత_ల్యాబ్_మనిషి · 10:55

అమ్మా, ఆ ఇద్దరు పిల్లలూ చెరో సగం నిజం పట్టుకున్నారు. బరువు రెట్టింపైతే భూమి లాగే బలం రెట్టింపు. దాన్ని కదిలించడానికి కావాల్సిన బలమూ రెట్టింపే. రెండూ సరిగ్గా కొట్టుకుపోతాయి కాబట్టి సూత్రంలో m మిగలదు. అవి నిజంగా సరిగ్గా కొట్టుకుపోతాయా అని న్యూటన్ లోలకంతోనే పరీక్షించి చూశాడు. బంగారం, వెండి, సీసం, గాజు, ఇసుక, ఉప్పు, కర్ర, నీళ్ళు, గోధుమలు, ఇన్ని పదార్థాలతో. ఆయన పుస్తకం ప్రిన్సిపియా మూడో భాగంలో ఉంది.

ఈ చర్చకి పనికొచ్చేది ఆయన వాటిని వేలాడదీసిన తీరు. ఒకే కొలతలున్న రెండు కర్ర పెట్టెలు, 11 అడుగుల సమానమైన దారాలు. ఒక పెట్టెలో కర్ర నింపాడు, రెండో దాంట్లో అంతే బరువు బంగారం పెట్టాడు, అదీ డోలన కేంద్రం (బరువంతా అక్కడే ఉన్నట్టు లోలకం ఊగే చోటు) దగ్గర కుదిరేలా. పెట్టెలు ఒకటే ఎందుకు? బయట గాలి తగిలే తీరు రెండింటికీ సమానంగా ఉండాలని. లోపలి పదార్థం తప్ప ఇంకేదీ మారకూడదు. వెయ్యో వంతు తేడా ఉన్నా తెలిసిపోయేదని రాసుకున్నాడు. సిద్దిపేట అమ్మాయి రేపు నట్లు కట్టేటప్పుడు చేయాల్సిన పని కూడా ఇదే.

---

సిద్దిపేట_నాన్న · 11:02

తనకి చదివి వినిపించాను సార్. "అయితే నాది తప్పు కాదా" అని అడిగింది. పరికల్పన గురించా, నట్లు కట్టడం గురించా అని అడిగితే రెండూ అంది. రేపు మళ్ళీ చేస్తుందట. నట్లు ఎలా కట్టమంటారు?

---

పాత_ల్యాబ్_మనిషి · 11:15

మూడింటినీ ఒకే ముడిలో, పక్కపక్కన, గుత్తిలా. గుత్తి మధ్యకి స్కేలు పెట్టి 50 వచ్చేలా దారం సర్దాలి. నట్టు కలిపిన ప్రతిసారీ మళ్ళీ కొలవాలి.

దారం విషయం చూసుకోండి. నైలాన్ దారమో, ఎలాస్టిక్ లాంటిదో అయితే బరువుకి సాగుతుంది. అప్పుడు గుత్తి కట్టినా పొడవు పెరుగుతుంది. గట్టి నూలు దారమో పురికొసో మేలు. పైన మేకుకి చుట్టి వదిలేయకండి. ఊగేటప్పుడు దారం మేకు మీద కాస్త చుట్టుకుని విప్పుకుంటూ ఉంటుంది. ల్యాబులో మేము బెండుని నిలువుగా చీల్చి ఆ సందులో దారం బిగించేవాళ్ళం. ఇంట్లోనైతే రెండు చెక్క ముక్కల మధ్య నొక్కి పట్టినా చాలు.

లెక్కపెట్టేటప్పుడు స్టాప్‌వాచ్ నొక్కుతూ "సున్నా" అనాలి, "ఒకటి" అనకూడదు. ఒకటితో మొదలెట్టి ఇరవైకి ఆపితే నిజానికి అయినవి పంతొమ్మిదే. ఇంటర్ పిల్లలు కూడా ప్రాక్టికల్స్‌లో ఇక్కడే g విలువ పది దాటించేసేవాళ్ళు. లోలకం చివర ఆగిన చోట కాకుండా, మధ్యలోంచి దాటేటప్పుడు నొక్కితే మంచిది. అక్కడ వేగంగా పోతుంది కాబట్టి ఎప్పుడు దాటిందో కచ్చితంగా తెలుస్తుంది.

---

డీఎస్సీ_ప్రిపరేషన్ · 11:24

సార్, ఒక డౌటు. పరతంత్ర చరరాశి ఆవర్తన కాలమా, 20 డోలనాల సమయమా? ఆ 20 ఏ గడిలోకి వస్తుంది? మా మెటీరియల్‌లో దీని గురించి లేదు.

---

జెడ్పీ_బడి_సైన్సు · ఆదివారం ఉదయం 6:50

చాలా మంచి ప్రశ్న తమ్ముడూ. మనం కొలిచేది 20 డోలనాల సమయం. దాన్ని 20తో భాగిస్తే వచ్చేది ఆవర్తన కాలం. పరతంత్ర చరరాశి గడిలో "ఆవర్తన కాలం, 20 డోలనాల సమయం నుంచి లెక్కించినది" అని రాయిస్తాను. ఆ 20 అన్నిసార్లూ అలాగే ఉంచాం కాబట్టి నియంత్రితంలోకి వెళ్తుంది.

కానీ కొందరు పిల్లలు తిప్పి చేస్తారు. 30 సెకన్లు పెట్టుకుని అందులో ఎన్ని డోలనాలు అయ్యాయో లెక్కపెడతారు. అప్పుడు సమయం నియంత్రితం, డోలనాల సంఖ్య పరతంత్రం. అదే లోలకం, అదే దారం, గళ్ళు మాత్రం తారుమారు. అందుకే "లోలకం ప్రయోగంలో పరతంత్ర చరరాశి ఏది" అని బిట్టు ఇవ్వడం నాకు నచ్చదు. ప్రయోగం ఎలా చేశారో చెప్పకుండా జవాబు చెప్పలేం.

ఈ 30 సెకన్ల పద్ధతి తేలిక, కానీ మొద్దు. 50 సెంటీమీటర్ల లోలకం 30 సెకన్లలో 21 దాటి కాస్త ఊగుతుంది. 53కి ఇరవైన్నర. పిల్లలు పూర్తి డోలనాలే లెక్కపెడతారు కాబట్టి 21, 20 అని వస్తాయి. ఆ ఒక్కటీ నిజమైన తేడానో, లెక్క తప్పారో ఎవరికీ తెలీదు. నిన్న సిద్దిపేట అమ్మాయి ఈ పద్ధతిలో చేసి ఉంటే ఇంత చర్చే జరిగేది కాదు, "ఇంచుమించు సమానం, బరువుతో సంబంధం లేదు" అని రాసి అందరూ సంతోషపడేవాళ్ళు.

---

ఎంసెట్_2009 · 7:35

ఇది పాయింట్. "తేడా లేదు" అన్న పరికల్పన నెగ్గడం చాలా ఈజీ, సరిగ్గా కొలవకపోతే చాలు.

---

జెడ్పీ_బడి_సైన్సు · 7:48

అవును బాబూ. బీఈడీలో శూన్య పరికల్పన అని చదువుతాం. తేడా లేదని మొదలుపెట్టి, తేడా కనబడితే దాన్ని వదిలేస్తాం. కనబడకపోతే నిరూపించామని రాయకూడదు, మా కొలతకి అందేంత తేడా లేదని రాయాలి. తొమ్మిదో తరగతికి ఆ పేరు అక్కర్లేదు కానీ ఆ వాక్యం మాత్రం రాయించొచ్చు.

ఇందాక తమ్ముడు గైడులోని సూత్రాన్నే పరికల్పనగా రాయమన్నాడు కదా. పొడవు ప్రయోగం విషయంలో నా క్లాసులో జరిగేది చెప్తాను. ఎక్కువమంది "పొడవు మారితే సమయం మారుతుంది" అని రాస్తారు. అది ఎటూ తప్పు కాదు, అందుకే దానికి విలువ తక్కువ. ఒకళ్ళిద్దరు "పొడవు రెట్టింపైతే సమయం రెట్టింపు" అని రాస్తారు. అది తప్పు, కానీ నాకు అదే ఇష్టం. 25 సెంటీమీటర్లకి 20 డోలనాలు 20 సెకన్ల చిల్లర. రెట్టింపు చేసి 50 పెడితే 40 రావాలి వాళ్ళ లెక్కన. 28 వస్తుంది. అప్పుడు "మరి 40 ఎప్పుడొస్తుంది మేడమ్" అని వాళ్ళే దారం పెంచుకుంటూ పోతారు. మీటరు దగ్గర దొరుకుతుంది. నాలుగు రెట్లు పొడవుకి రెండు రెట్లు సమయం. నేను బోర్డు మీద వర్గమూలం గుర్తు వేయకముందే వాళ్ళకి అది దొరికింది. "మారుతుంది" అని రాసిన పిల్లలు 28 చూసి టిక్ పెట్టుకుని కూర్చుంటారు.

---

సర్వే_చరిత్ర · 9:20

ఆలస్యంగా చూశాను. డీఎస్సీ మిత్రులు నిన్న g స్థిరాంకం, రాయక్కర్లేదన్నారు. దాని మీద చిన్న అభ్యంతరం.

g ఒక ఊళ్ళో స్థిరం, భూమంతా కాదు. 1672లో ఫ్రాన్స్ నుంచి జాన్ రిషేర్ అనే ఆయన దక్షిణ అమెరికాలోని కయెన్‌కి వెళ్ళాడు. భూమధ్యరేఖకి దగ్గర. ప్యారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది. సరిచేయడానికి లోలకం పొడవు కొంచెం తగ్గించాల్సి వచ్చింది. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుని మధ్యలో ఉబ్బి ఉందన్న వాదనకి న్యూటన్ వాడుకున్న ఆధారాల్లో ఇదొకటి.

మన దేశంలోనూ ఈ కథ ఉంది. బ్రిటిష్ కాలంలో దేశాన్ని కొలిచిన గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే వాళ్ళు 1865 నుంచి దేశమంతా లోలకాలు ఊపి g ఎక్కడెంతో కొలిచారు. ఆ సర్వేలో పనిచేసిన కెప్టెన్ బసేవీ దక్షిణం కొస నుంచి హిమాలయాల దాకా లోలకాలు ఊపాడు. లడఖ్‌లోని మోరే మైదానంలో, పదిహేను వేల అడుగులకి పైన, చలిలో ఆ పని మీద ఉండగానే 1871లో చనిపోయాడు. వాళ్ళకి g స్వతంత్రమూ కాదు, నియంత్రితమూ కాదు. వాళ్ళు వెతుకుతున్నదే అది. గాలి, వేడి లాంటివి లెక్కలోకి తీసుకోవడానికే సగం శ్రమ.

---

డీఎస్సీ_ప్రిపరేషన్ · 9:34

సూపర్ సార్. అయితే "ఒకే ప్రదేశంలో చేశాం" అని నియంత్రితంలో రాయాలన్నమాట. కానీ సిద్దిపేటలో చేసినా ఢిల్లీలో చేసినా స్టాప్‌వాచ్‌కి తెలుస్తుందా?

---

సర్వే_చరిత్ర · 9:50

తెలియదు. హైదరాబాదు వైపు g సుమారు 9.78, లండన్‌లో 9.81. మీటరు లోలకం 20 సార్లు ఊగడానికి 40 సెకన్లు పడితే, ఈ రెండు చోట్ల మధ్య తేడా సెకనులో పదో వంతు కూడా రాదు. చేతి పొరపాటు అంతకన్నా పెద్దది. రిషేర్‌కి ఎందుకు తెలిసిందంటే ఆయన లోలకం 20 డోలనాలు కాదు, పగలూ రాత్రీ ఊగింది. రోజంతా కూడేసరికి నిమిషాలైంది.

---

న్యూజెర్సీ_అమ్మ · ఆదివారం సాయంత్రం 5:10

సిద్దిపేట అన్నయ్యగారూ, ఏమైంది? ఇక్కడ మా వాడు కూడా అడుగుతున్నాడు. ఇంట్లో నట్లు లేవని వాడు టెన్నిస్ బంతి, క్రికెట్ బంతి వేలాడదీశాడు. సైజు దాదాపు ఒకటే, బరువు రెండున్నర రెట్లకి పైనే. వాడికి చూడబోతే తేడా ఏమీ లేదు. టెన్నిస్ బంతి మాత్రం తొందరగా ఊపు తగ్గి ఆగిపోయింది.

---

పాత_ల్యాబ్_మనిషి · 5:22

మంచి ఎంపిక. ఊపు తొందరగా తగ్గడం గాలి వల్ల. ఒక డోలనానికి పట్టే సమయం వేరు, ఎంతసేపటికి ఆగిపోతుందనేది వేరు. బరువు రెండో దాన్ని మారుస్తుంది, మొదటి దాన్ని కాదు. పిల్లలు "బరువైనది బాగా ఊగుతుంది" అన్నప్పుడు చాలాసార్లు వాళ్ళు చూసింది ఈ రెండోది. కాబట్టి పరికల్పనలో "బాగా", "గట్టిగా" లాంటి మాటలు రానివ్వకూడదు. ఏం కొలుస్తామో అదే రాయాలి.

---

సిద్దిపేట_నాన్న · 7:15

మధ్యాహ్నం చేసింది. పురికొస, రెండు చెక్కల మధ్య బిగించి, నట్లు గుత్తిగా కట్టి, ప్రతిసారీ స్కేలు పెట్టి 50కి సర్దింది.

1 నట్టు: 28.4, 28.5, 28.3
3 నట్లు: 28.5, 28.3, 28.6
5 నట్లు: 28.4, 28.7, 28.5

కాగితం మీద పరికల్పన చెరపలేదు. కింద రాసింది ఇది, తన మాటల్లోనే పెడుతున్నాను: "నా పరికల్పన నిలవలేదు. 1 నట్టు నుంచి 5 నట్ల వరకు మా స్టాప్‌వాచ్‌కి తెలిసేంత తేడా రాలేదు. మొదటిసారి చేసినప్పుడు తేడా వచ్చింది కానీ అప్పుడు పొడవు కూడా మారింది."

మొదటి పట్టిక పెట్టాలా వద్దా అని అడుగుతోంది. పెడితే మార్కులు తగ్గుతాయని టెన్షన్.

---

జెడ్పీ_బడి_సైన్సు · 7:24

తప్పకుండా పెట్టమనండి! నా దగ్గరికి వస్తే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. అది బరువు ప్రయోగం పేరుతో జరిగిన పొడవు ప్రయోగం. 50, 53, 56 అని పొడవులు పక్కన రాసి, ఆ పట్టికకి స్వతంత్ర చరరాశి పొడవు అని పేరు మార్చి, విడిగా అతికించమనండి. బరువు కూడా మారింది నిజమే, కానీ దానివల్ల తేడా రాదని రెండో పట్టిక చెప్తోంది కదా.

వాళ్ళ సారు ఎలా దిద్దుతారో నేను చెప్పలేను. కొందరికి ఒక్క ఫలితమే ఉండాలి, అదీ పుస్తకంలోదే ఉండాలి.

---

పార్వతీపురం_టీచరమ్మ · సోమవారం ఉదయం 6:15

నేను ఈ మధ్యే ఉద్యోగంలో చేరాను. ఇదంతా చదివాక మా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో మూడోది, కంపన పరిమితితో చేయిద్దామనుకుంటున్నాను. "ఎక్కువ దూరం లాగితే ఎక్కువ సమయం" అని సగం క్లాసు అంటోంది. "ఎక్కువ దూరమైనా వేగంగా వస్తుంది కాబట్టి సమానం" అని మిగతా సగం. పుస్తకం ప్రకారం సమానం అనాలి. కానీ చిన్న కోణాలకే అని కూడా ఉంది. ఏ సగాన్ని ఒప్పించాలి?

---

పాత_ల్యాబ్_మనిషి · 7:02

ఎవర్నీ ఒప్పించకు తల్లీ, కోణం పెంచి చూపించు. గెలీలియో కూడా నీ రెండో సగం పిల్లల పక్షమే. పెద్ద ఊపైనా చిన్న ఊపైనా సమయం ఒకటేనని 1602లోనే ఉత్తరం రాశాడు. అది చిన్న కోణాలకే దాదాపు నిజం. పెద్ద ఊపుకి కూడా సమానం కావాలంటే గుండు వృత్తంలో కాక సైక్లాయిడ్ అనే వేరే వక్రంలో ఊగాలని తర్వాత డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ తేల్చాడు. 1673లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంది.

చాలా చిన్న ఊపుతో పోలిస్తే 10 డిగ్రీలకి తేడా ఐదు వందల్లో ఒక వంతు, స్టాప్‌వాచ్‌కి దొరకదు. 30కి నూటికి రెండు లోపు. 45కి నాలుగు. 60కి ఏడు. అంటే మొదటి సగం పిల్లలు 60 దగ్గర నెగ్గుతారు, రెండో సగం 10 దగ్గర నెగ్గుతారు. పరికల్పనలో "ఏ కోణం నుంచి ఏ కోణం దాకా" అన్నది రాయిస్తే ఆ గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇక్కడ 20 డోలనాలు పెట్టొద్దు. 60 దగ్గర వదిలినా ఇరవై ఊగేసరికి కోణం బాగా తగ్గిపోతుంది, నువ్వు మార్చిన చరరాశి నీ కళ్ళముందే జారిపోతుంది. మీటరు దారం, బరువైన చిన్న గుండు, ఐదే డోలనాలు. 10 డిగ్రీలకి 10.1 సెకన్లు రావాలి, 60కి సుమారు 10.8. చేతి పొరపాటు 0.2, 0.3 ఉన్నా తేడా తెలుస్తుంది. ఐదైదు సార్లు చేసి సగటు తీయించు.

కోణానికి జామెట్రీ బాక్సులో ఉన్న కోణమానిని తలకిందులుగా పైన అతికిస్తే చాలు. గుండుని వదిలేటప్పుడు తొయ్యకుండా చూడు. 60 దగ్గర దారం వదులైతే మొదట చిన్న కుదుపు వస్తుంది, ఆ రీడింగు కొట్టేయించు.